ఇంటి రౌటర్‌కి నాలుగు పోర్టుల లాన్ కార్డు: సికింద్రాబాద్ సీటీసీలో నా వేట

మా ఇంట్లో ఇద్దరమూ ఇంటి నుంచే పని చేస్తాం. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మా ఆవిడది మెడికల్ కోడింగ్. మా కాలనీలో డ్రైనేజీ అనో, మంచినీళ్ళ పైపు అనో ఎవరో ఒకరు రోడ్డు తవ్వుతూనే ఉంటారు. తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగుతుంది. అందుకని రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టించుకున్నాం. కనెక్షన్లు రెండున్నా, ఒకటి పోయినప్పుడు లాప్‌టాప్‌లో వైఫై మార్చుకోవడం, టీవీకి మార్చడం, గేటు దగ్గరి కెమెరాలకు మార్చడం అన్నీ చేత్తోనే చేయాలి. మీటింగ్ మధ్యలో ఆ టెన్షన్ పడినవాళ్ళకే తెలుస్తుంది.

ఒకటి పోతే రెండోదానికి దానంతటదే మారాలి అన్నంతవరకే మీ అవసరమైతే ఇదంతా చదవక్కర్లేదు. టీపీ-లింక్ ఈఆర్605 లాంటి రెండు మూడు వ్యాన్ పోర్టుల (బయటి ఇంటర్నెట్ తీగ గుచ్చే రంధ్రాల) రౌటర్ కొనుక్కుంటే సరిపోతుంది. నాకు ఇంకో రెండు కోరికలు ఉన్నాయి. కెమెరాలను ఇంటి నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడగొట్టాలి. ఎవరు ఎక్కడికి కనెక్ట్ అవుతున్నారో లాగ్ కనబడాలి. అందుకే ఓపీఎన్‌సెన్స్ వైపు వెళ్ళాను. పీఎఫ్‌సెన్స్ అనే ఇంకో ఫైర్‌వాల్ నుంచి విడిపోయి 2015 జనవరిలో మొదటి వెర్షన్‌తో బయటికొచ్చిన ఉచిత ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కి కాపలా కాసే సాఫ్ట్‌వేర్) అది, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. పాత 64-బిట్ కంప్యూటర్ మీద కూడా పెట్టుకోవచ్చు.

పాత కంప్యూటర్ ఇంట్లోనే ఉంది. హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ1, చిన్న కేబినెట్‌ది, ఐ5-4570 ప్రాసెసర్. ఏదో ఆఫీసు వాళ్ళు లాట్‌గా అమ్మేసినప్పుడు మా తమ్ముడు కొన్నాడు, తర్వాత లాప్‌టాప్ తీసుకున్నాక దీన్ని అటక మీద పెట్టేశాడు. రౌటర్‌కి ఈ ప్రాసెసర్ కావలసినదానికంటే ఎక్కువే. ఒక్కటే ఇబ్బంది, వెనకాల లాన్ పోర్టు ఒకటే ఉంది. అది ఇంటెల్ ఐ217-ఎల్‌ఎమ్, మంచిదే. కానీ రెండు ఫైబర్ కనెక్షన్లు, ఇంటి స్విచ్, కెమెరాల స్విచ్ కలిపితే నాలుగు తీగలు రావాలి.

నిజానికి ఒక్క పోర్టుతోనూ ఈ పని అవుతుంది. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగల స్విచ్) ఒకటి కొని, వీల్యాన్‌లు అనే వేరువేరు విభాగాలు కట్టి, నాలుగు నెట్‌వర్క్‌లనూ ఒకే తీగ మీద పంపవచ్చు. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు కార్డు వేటను చూసి నవ్వుతారు, వాళ్ళ మాటలో న్యాయం కూడా ఉంది. నేను ఎందుకు వద్దనుకున్నానంటే, నేను ఊళ్ళో లేనప్పుడు నెట్ పోతే ఫోన్‌లో మా ఆవిడకి చెప్పి చేయించాలి. "ఎర్ర తీగ తీసి రెండో దాంట్లో పెట్టు" అని చెప్పగలను. "స్విచ్‌లో ఐదో పోర్టు ట్యాగ్ మార్చు" అని చెప్పలేను. తీగ ఎక్కడ ఉందో కంటికి కనబడితే చాలా సమస్యలు సగానికి తగ్గుతాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. నాలుగు పోర్టుల కార్డు పెడితే స్విచ్ అక్కర్లేదు, మిగిలిన పోర్టులను బ్రిడ్జ్ చేసి (ఒకే నెట్‌వర్క్‌గా కలిపి) లాప్‌టాప్, టీవీ నేరుగా అందులోనే గుచ్చవచ్చు అని కొందరు అనుకుంటారు. పనిచేస్తుంది. కానీ స్విచ్‌లో ఉండే చిప్ ప్యాకెట్లను (డేటా ముక్కలను) దానంతట అదే అటూ ఇటూ తిప్పుతుంది. రౌటర్‌లో బ్రిడ్జ్ కడితే ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ దాకా వెళ్ళి రావాలి. వెయ్యి, పన్నెండు వందలకు వచ్చే మామూలు గిగాబిట్ స్విచ్ చేసే పనికి కంప్యూటర్‌ని కాపలా పెట్టడం దండగ.

ఇక కార్డు దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనబడేవి మూడు రకాలు. యూఎస్‌బీ లాన్ అడాప్టర్లు మొదటివి. లాప్‌టాప్‌కి ఎప్పుడో అవసరానికి బాగుంటాయి గానీ, రోజంతా నడిచే రౌటర్‌కి, అందులోనూ ఫ్రీబీఎస్‌డీ మీద, నేను పెట్టను. రెండోవి రియల్‌టెక్ చిప్‌లతో వచ్చే నాలుగు పోర్టుల కార్డులు. ఆర్‌టీఎల్8111 చిప్‌లు నాలుగు పక్కపక్కన, వాటిని కలపడానికి ఇంకో చిన్న చిప్, కింద ఒకే లేన్ (డేటా నడిచే దారి) ఉండే పొట్టి కనెక్టర్. మూడోవి ఇంటెల్ ఐ350 అని రాసి ఉండే కార్డులు.

రియల్‌టెక్ అంటే పనికిరానిది అని నేను అనను. మన దేశంలో చాలా మదర్‌బోర్డుల మీద అదే ఉంటుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ చక్కగా పనిచేస్తుంది. ఫ్రీబీఎస్‌డీతో వచ్చే డ్రైవర్‌తో మాత్రం బరువు పడినప్పుడు పోర్టు ఆగిపోతుందని చాలామంది వాపోతారు. రియల్‌టెక్ కంపెనీ సొంత డ్రైవర్‌ని ప్లగిన్‌గా వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మీరు ఓపెన్‌వర్ట్ లాంటి లినక్స్ రౌటర్ పెడుతుంటే ఈ భయం పెద్దగా అక్కర్లేదు. నేను ఫ్రీబీఎస్‌డీ దారిలో ఉన్నాను కాబట్టి ఇంటెలే కావాలనుకున్నాను.

లేన్ల లెక్క ఒకటి వేసుకోవాలి. ఒక గిగాబిట్ పోర్టు అంటే ఒక వైపుకి సెకనుకు 125 మెగాబైట్లు. నాలుగు పోర్టులూ నిండా నడిస్తే 500. కార్డులు గుచ్చే స్లాట్ల పద్ధతిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు, దాని మొదటి తరంలో ఒక లేన్ 250 మెగాబైట్లు ఇస్తుంది, రెండో తరంలో 500. అంటే రెండో తరం ఒక్క లేన్ కూడా కాగితం మీద నాలుగు పోర్టులకు సరిపోతుంది, అసలు వాడకంలో అంచున ఉంటుంది. ఐ350 కార్డు రెండో తరంది, నాలుగు లేన్లు తీసుకుంటుంది. దానికి బోలెడంత జాగా ఉన్నట్టే. నా హెచ్‌పీ డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు కోసం పెట్టిన పొడుగు స్లాట్ ఒకటి, చూడ్డానికి అంతే పొడుగున్నా లోపల నాలుగు లేన్లే కలిపిన స్లాట్ ఇంకోటి ఉన్నాయి. ఆ రెండోది ఇలాంటి కార్డుకి సరిగ్గా సరిపోయింది. మీ డబ్బాలో చిన్న స్లాట్లే ఉంటే కొనేముందు మూత తీసి చూసుకోండి. నాలుగు లేన్ల కార్డు ఒక లేన్ స్లాట్‌లో దిగదు, చివర తెరిచి ఉన్న స్లాట్ అయితే తప్ప.

ఇంటెల్ కార్డు అనగానే అసలు తలనొప్పి మొదలవుతుంది. ఐ350 కార్డు 2011లో వచ్చింది. డేటా సెంటర్లలో లక్షలకొద్దీ సర్వర్లలో ఇవి నడిచాయి. పేరు పెరిగే కొద్దీ నకిలీలూ పెరిగాయి. ఆన్‌లైన్‌లో "కొత్త ఇంటెల్ ఐ350-టీ4, సీల్డ్" అని కంపెనీ ధరలో నాలుగో వంతుకి కనబడితే, ఎక్కడో తేడా ఉందని అర్థం. మీద ఉన్న చిప్ ఇంటెల్‌దే కావచ్చు, పాత బోర్డుల నుంచి పీకి, ఎవరో గీసిన బోర్డు మీద అతికించి అమ్ముతారు. కొన్ని బాగానే నడుస్తాయి. కొన్ని వేసవి వచ్చాక ఒక్కో పోర్టు చొప్పున చచ్చిపోతాయి.

గుర్తుపట్టడానికి జనం చెప్పే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. అసలు ఇంటెల్ కార్డుల్లో పోర్టుల మీద ఉండే లోహపు డబ్బా మీద డెల్టా లాంటి తయారీదారు పేరు అచ్చయి ఉంటుంది, చాలా నకిలీల్లో ఆ చోటు నున్నగా ఉంటుంది. ఇంటెల్ పేరుతో రిటైల్‌గా అమ్మిన కార్డుల మీద యోటామార్క్ అనే స్టిక్కర్, దాని మీద ఒక కోడ్ ఉంటాయి. కానీ ఈ స్టిక్కర్‌నీ అచ్చు వేసేస్తున్నారు. పైగా హెచ్‌పీ, డెల్, ఐబీఎమ్ వాళ్ళ సర్వర్లతో వచ్చిన కార్డుల మీద ఆ స్టిక్కర్ అసలే ఉండదు, అయినా అవి అసలువే. కాబట్టి స్టిక్కర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేయడానికి లేదు.

చివరికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. కొత్త కార్డు వద్దు. ఏదో ఒక సర్వర్‌లో నిజంగా నడిచిన, ఆ సర్వర్ కంపెనీ పేరున్న పాత కార్డు కావాలి. దాన్ని ఎక్కడి నుంచి తీశారో అమ్మేవాడు చూపించగలగాలి. ఏళ్ళ తరబడి డేటా సెంటర్‌లో నడిచిన కార్డు మా ఇంట్లో ఇంకో ఐదేళ్ళు నడవడానికి పెద్ద కష్టం ఉండదు. ఇందులో తిరిగే భాగాలు లేవు, ఫ్యాన్ కూడా లేదు. హార్డ్‌డిస్కు సెకండ్ హ్యాండ్ కొనడానికి భయపడతాను గానీ, నెట్‌వర్క్ కార్డు కొనడానికి కాదు.

అమెరికా దారి కూడా ఉంది. మన ఇళ్ళలో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అక్కడ పాత సర్వర్ కార్డులు ఈబేలో చవగ్గా దొరుకుతాయి, సూట్‌కేసులో ఒక మూలకి పడేస్తే వచ్చేస్తుంది. మా బావమరిదిని అడిగితే "సంక్రాంతికి వస్తున్నా, తెస్తా" అన్నాడు. కానీ వచ్చాక ఒక పోర్టు పనిచేయకపోతే ఎవరికి వెనక్కి ఇస్తాం? అదీగాక మా అత్తగారి సామాన్ల జాబితా ముందు నా కార్డుకి చోటు దొరుకుతుందన్న నమ్మకం కుదరలేదు. ఇక్కడే వెతుకుదామనుకున్నాను.

ఇక్కడ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో, మనకి ఇది అలాగ. కింద షోరూముల్లో అడిగితే కొత్త గేమింగ్ సామాను చూపిస్తారు. సర్వర్ సామాను కావాలంటే లోపలి వరసల్లోకి, పక్క సందుల్లోకి వెళ్ళాలి. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌ల ల్యాబ్‌లకు పాత సర్వర్లు అద్దెకిచ్చేవాళ్ళు, కంపెనీలు తీసేసిన మాల్‌ని లాట్‌గా కొని విడదీసి అమ్మేవాళ్ళు అక్కడ ఉంటారు.

వెళ్ళేముందు ఒక చీటీ రాసుకున్నాను. ఇది మీకూ పనికొస్తుంది కాబట్టి ఇక్కడ వివరంగా చెప్తాను. హెచ్‌పీ సర్వర్ల నాలుగు పోర్టుల కార్డుల్లో ఎన్‌సీ364టీ అనేది పాతది, అందులో ఇంటెల్ 82571 చిప్‌లు రెండు ఉంటాయి, వేడి ఎక్కువ, కరెంటూ ఎక్కువ. ఎన్‌సీ365టీలో 82580 చిప్ ఒక్కటే ఉంటుంది, ఇది మంచిదే. 366టీ అంటే సాక్షాత్తూ ఐ350. 331టీ అంటే బ్రాడ్‌కామ్ 5719. బ్రాడ్‌కామ్ లినక్స్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది, ఫ్రీబీఎస్‌డీలోనూ నడుస్తుంది గానీ, ఏవో సెట్టింగ్‌లు మార్చుకోవాల్సి రావచ్చని పీఎఫ్‌సెన్స్ వాళ్ళ పత్రాల్లోనే రాసి ఉంది. మార్కెట్లో 331టీలే ఎక్కువ, ధర కూడా తక్కువ. మీది లినక్స్ రౌటర్ అయితే కళ్ళు మూసుకుని అదే తీసుకోవచ్చు.

మొదటి షాపులో అడిగాను.

"అన్నా, నాలుగు పోర్టుల లాన్ కార్డుందా? సర్వర్‌ది."

"ఉంది సార్. ఎన్ని కావాలి?"

"ఒకటే. ఇంటెల్ చిప్ ఉండాలి."

"అన్నీ ఇంటెలే సార్." ఇలా అంటూనే అట్టపెట్టెలోంచి ఒక కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. స్టిక్కర్ మీద 366ఎఫ్‌ఎల్‌ఆర్ అని ఉంది. చిప్ ఐ350నే, పోర్టులు నాలుగు, శుభ్రంగా ఉంది, అడిగిన ధర కూడా తక్కువ. చివర్లో ఆ ఎఫ్‌ఎల్‌ఆర్ అన్న మూడు అక్షరాలు లేకపోతే అక్కడే డబ్బులిచ్చేసేవాణ్ణి. అవి ఉన్నాయంటే ఇది హెచ్‌పీ సర్వర్ మదర్‌బోర్డు మీద పడుకోబెట్టి బిగించే కార్డు. దానికీ బంగారు రంగు అంచు ఉంటుంది, దూరం నుంచి మామూలు కార్డులాగే కనిపిస్తుంది, కానీ ఆ కనెక్టర్ మామూలు కంప్యూటర్ స్లాట్‌కి సరిపోదు. వెనక కేబినెట్‌కి బిగించే రేకు కూడా ఉండదు. డెల్‌లోనూ ఇలాంటి సొంత ఆకారపు కార్డులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో "ఐ350 నాలుగు పోర్టులు, చవక" అని కనబడితే ముందు ఫొటోలో ఆ రేకు ఉందో లేదో చూడండి.

"ఇది మామూలు పీసీలో పట్టదు కదన్నా" అంటే, "సార్, మీరు పీసీకి అని చెప్పలేదు కదా" అన్నాడు. అదీ నిజమే.

ఇంకో రెండు చోట్ల 331టీలు చూపించారు. ఒకచోట ఇంటెల్ అని చెప్పి చూపించారు. హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) కింద చిప్ కనబడదు కాబట్టి వాళ్ళని అనడానికి లేదు, వాళ్ళకీ తెలియకపోవచ్చు. స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ ఫోన్‌లో కొట్టి చూసుకోవడమే మార్గం. ఒకాయన మాత్రం నేను అలా వెతుకుతుంటే ముఖం చిట్లించుకుని "తీసుకునేవాళ్ళు ఇంత చూడరు సార్" అన్నాడు.

కొన్నది వేరే చోట. షట్టర్ సగం దించిన గదిలో సర్వర్లు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఒక కుర్రాడు నేల మీద కూర్చుని డీఎల్380పీ జెన్8 సర్వర్ విప్పుతున్నాడు. అడిగితే, "366టీ అంటే దీంట్లో ఉండాలి సార్, చూద్దాం" అని రైజర్ పంజరాన్ని (కార్డులు అడ్డంగా గుచ్చే చట్రాన్ని) పైకి లేపాడు. దానికి అడ్డంగా రెండు కార్డులు బిగించి ఉన్నాయి, ఒకటి స్టోరేజీకి కలిపే ఫైబర్ ఛానెల్ కార్డు, రెండోది నాకు కావలసినది. రెండు కార్డుల మధ్యా బూడిద పొరలాగ దుమ్ము పేరుకుని ఉంది. స్క్రూ విప్పి, మునివేళ్ళతో పట్టుకుని నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ కాసేపు చూశాను. బంగారు అంచు మీద గీతలు ఒకే చోట, సన్నగా ఉన్నాయి. అంటే ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ తీసిపెట్టలేదు. నాలుగు పోర్టుల్లోనూ ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఎనిమిదేసి తీగలూ సమానంగా వంగి ఉన్నాయి, మూడో పోర్టులో మాత్రం దుమ్ము కాస్త ఎక్కువ. వాడినట్టు లేరు. హీట్‌సింక్‌ని మెల్లగా కదిపితే కదల్లేదు. వెనక స్టిక్కర్ మీద హెచ్‌పీ బార్‌కోడ్, మ్యాక్ అడ్రసు (పోర్టుకి ఉండే సొంత గుర్తింపు నంబరు) ఉన్నాయి. నా కళ్ళ ముందే సర్వర్‌లోంచి వచ్చింది కాబట్టి నకిలీ అన్న అనుమానం పోయినట్టే.

రేకు దగ్గర చిక్కు వచ్చింది. సర్వర్ రైజర్‌లో ఉన్నది కాబట్టి పొడుగు రేకుతో వచ్చింది. నా డబ్బా చిన్నది, పొట్టి రేకే పడుతుంది. కొత్తగా కొన్నప్పుడు రెండూ పెట్టెలోనే ఇస్తారు. ఏ డేటా సెంటర్‌లోనూ రెండోదాన్ని పదేళ్ళు దాచి పెట్టరు కదా. రేకు లేకుండా కూడా పెట్టొచ్చు, చాలామంది పెడతారు. కానీ నాలుగు తీగలు గుచ్చి పీకుతుంటే కార్డు స్లాట్‌లో అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ లింకు పోయి వస్తే, నేను చేసుకున్న ఏర్పాటు అంతా వృథా. ఆన్‌లైన్‌లో విడిగా రేకులు అమ్ముతారు గానీ ఇంటెల్ కార్డు రేకు హెచ్‌పీ కార్డుకి సరిపోతుందన్న హామీ లేదు, స్క్రూ రంధ్రాల చోటు మారుతుంది.

ఇది చెప్తే ఓనరు లోపలి నుంచి ఒక డాల్డా డబ్బా తెచ్చి కౌంటర్ మీద కుమ్మరించాడు. స్క్రూలు, క్లిప్పులు, రేకులు, ఎప్పటివో జంపర్లు. నాలుగు చదరపు రంధ్రాలున్న పొట్టి రేకులు రెండు దొరికాయి. ఒకటి పట్టలేదు, పోర్టుల కంటే రంధ్రాలు కొంచెం పైకి ఉన్నాయి. రెండోది ఏదో పాడైపోయిన హెచ్‌పీ కార్డుది అనుకుంటాను, రంధ్రాలూ స్క్రూలూ సరిగ్గా కూర్చున్నాయి. "దీనికి డబ్బులొద్దు సార్" అన్నాడు. కార్డుకి మూడు వేల లోపే తీసుకున్నాడు, వారం టెస్టింగ్ వారంటీ అని బిల్లు వెనక పెన్నుతో రాసి ఇచ్చాడు. రేకు దొరకకపోతే ఆ కార్డు నేను కొనేవాణ్ణి కాదు. చిన్న కేబినెట్ ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఇది అడిగి తీరాలి.

ఇంటికి తెచ్చాక నేరుగా ఓపీఎన్‌సెన్స్ పెట్టలేదు. వారంటీ వారమే కాబట్టి ముందు పరీక్షలు. ఎరేజర్‌తో బంగారు అంచు తుడిచాను, బ్రష్‌తో దుమ్ము దులిపాను. పెన్‌డ్రైవ్ మీద లైవ్ లినక్స్ ఎక్కించి బూట్ చేస్తే, ఎల్‌ఎస్‌పీసీఐ (లోపలి కార్డులను చూపించే కమాండ్) జాబితాలో నాలుగు వరసలు ఐ350 అని వచ్చాయి. ఐడీ 8086:1521 ఉంది, మొదటి సగం ఇంటెల్, రెండో సగం ఈ చిప్. లింక్ స్థితి చూస్తే నాలుగు లేన్లు, 5 గిగాట్రాన్స్‌ఫర్లు (అంటే రెండో తరం వేగం) అని ఉంది. ఒకవేళ ఇక్కడ ఒకటో రెండో లేన్లే కనబడితే అంచు మురికిగా ఉన్నట్టు, లేదా స్లాట్ తప్పు. మ్యాక్ అడ్రసులు నాలుగూ వరసగా ఉన్నాయి. ఇది కూడా చూడాల్సిందే, నకిలీల్లో కొన్నిసార్లు ఇవి పొంతన లేకుండా ఉంటాయి.

తర్వాత ఒక్కో పోర్టుకీ లాప్‌టాప్ కలిపి వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడిపాను. నాలుగిట్లోనూ 941 మెగాబిట్లు వచ్చింది. వెయ్యి రాలేదని కంగారు పడక్కర్లేదు. ప్రతి ప్యాకెట్‌కీ ముందూ వెనకా ఉండే హెడర్లూ ఖాళీలూ పోగా గిగాబిట్‌లో మిగిలేది అంతే. వేగం కంటే నేను ఎక్కువగా చూసింది ఎర్రర్ల లెక్క. ఈథ్‌టూల్ అనే కమాండ్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన ప్యాకెట్ల లెక్క) అని ఒక వరస ఉంటుంది. రాత్రంతా డేటా తిప్పి పొద్దున్న చూస్తే మూడు పోర్టుల్లో సున్నా, రెండో పోర్టులో కొన్ని వందలు. గుండె జారింది. తీగ మార్చి మళ్ళీ నడిపితే అక్కడా సున్నానే. తప్పు తీగది, నేను ఎప్పుడో చేత్తో క్రింప్ చేసిన పాత తీగ. కార్డుని వెనక్కి ఇచ్చే ముందు తీగ మార్చి చూడండి, షాపు వాళ్ళ దగ్గర మాట పోదు.

ఓపీఎన్‌సెన్స్ ఎక్కించడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కార్డు వెంటనే గుర్తుపట్టింది. ఐజీబీ0 నుంచి ఐజీబీ3 దాకా నాలుగు పేర్లు వచ్చాయి, మదర్‌బోర్డు మీది పోర్టు ఈఎమ్0. ఏ పేరు ఏ రంధ్రానిదో మాత్రం ఊహించకండి, పై నుంచి కిందికా, కింది నుంచి పైకా అన్నది కార్డుని బట్టి మారుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆటో డిటెక్ట్ అని ఉంటుంది. అది అడిగినప్పుడు తీగ గుచ్చితే, లింకు ఏ పోర్టులో వచ్చిందో అదే చెప్తుంది. నేను అలా తేల్చుకుని, రేకు పక్కన రంగు టేపులు అంటించాను. ఎర్రది మొదటి ఫైబర్, పచ్చది రెండోది, నీలం ఇల్లు, తెల్లది కెమెరాలు. మదర్‌బోర్డు పోర్టుని దేనికీ వాడలేదు, ఎప్పుడైనా సెట్టింగ్‌లు చెడగొట్టుకుంటే లాప్‌టాప్ కలిపి లోపలికి పోవడానికి దాన్ని వదిలేశాను.

హెచ్‌పీ డబ్బా బయాస్‌లో ఒక పని చేయాలి. ఈ కార్డులో నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే సరంజామా ఉంటుంది, ఆన్ చేసినప్పుడల్లా నాలుగు పోర్టుల్లోనూ ఎవరైనా ఉన్నారేమో అని వెతుక్కుంటూ కూర్చుంటుంది. దాన్ని ఆపేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ త్వరగా లేస్తుంది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ కావాలన్న సెట్టింగ్ కూడా అక్కడే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇల్లైనా సరే, పెట్టుకోండి.

మొదటి ఫైబర్ కంపెనీ వాళ్ళది పీపీపీఓఈ, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఇస్తే గానీ నెట్ రాదు. ఫైబర్ వచ్చి చేరే వాళ్ళ ఓఎన్‌టీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా నా రౌటర్‌కి పంపేలా) పెట్టమని అడిగితే కస్టమర్ కేర్ వాళ్ళకి ఆ మాటే కొత్త. చివరికి లైన్‌మ్యాన్ వచ్చి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి ఐదు నిమిషాల్లో మార్చి వెళ్ళాడు. ఇలాంటి పనులు మన దగ్గర ఎప్పుడూ లైన్‌మ్యాన్ దగ్గరే తేలతాయి.

పీపీపీఓఈ దగ్గర ఈ కార్డు గొప్పతనం కొంత పనికి రాకుండా పోతుంది, అది తెలుసుకుని ఉండాలి. ఐ350లో ఒక్కో పోర్టుకీ ఎనిమిది క్యూలు (ప్యాకెట్లు నిలబడే వరసలు) ఉంటాయి. ప్యాకెట్ మీది ఐపీ అడ్రసులు చూసి పనిని ప్రాసెసర్ కోర్లన్నిటికీ పంచుతుంది. పీపీపీఓఈలో అసలు ప్యాకెట్ ఇంకో కవరులో పెట్టి అంటించినట్టు వస్తుంది. లోపలి అడ్రసు కార్డుకి కనబడదు కాబట్టి అన్నిటినీ ఒకే క్యూలో వేసేస్తుంది, ఒకే కోర్ మీద బరువు పడుతుంది. ఓపీఎన్‌సెన్స్ ట్యూనబుల్స్ అనే లోపలి సెట్టింగ్‌లలో నెట్ ఐఎస్ఆర్ డిస్పాచ్ అన్నదాన్ని డిఫర్డ్‌కి మారిస్తే ఆ పనిని మిగతా కోర్లు కొంత పంచుకుంటాయి. నా ప్లాన్ 300 మెగాబిట్లే, ఐ5కి ఒక్క కోర్ కూడా ఎక్కువే, మార్చక ముందూ తర్వాతా తేడా కనబడలేదు. తక్కువ శక్తి ఉండే పాత సెలెరాన్ డబ్బా మీద గిగాబిట్ ప్లాన్ నడిపేవాళ్ళకి కనబడుతుంది.

వేడి గురించి కొంచెం భయపడ్డాను. సర్వర్లలో ఫ్యాన్లు విమానంలా అరుస్తూ గాలి తోస్తాయి, ఇక్కడ అది లేదు. ఐ350 చిప్ తినేది ఐదు వాట్ల దగ్గరే కాబట్టి డబ్బాలోని మామూలు ఫ్యాన్ గాలికే సరిపోయింది, మే నెలలో హీట్‌సింక్ మీద వేలు పెడితే వెచ్చగా ఉంది, కాలలేదు. ఇదే 10 గిగాబిట్ రాగి తీగల కార్డు, ఎక్స్540 లాంటిది అయితే మాట వేరు, దాని మీదికి విడిగా ఫ్యాన్ పెట్టాలి. అవసరం లేకుండా 10 గిగాబిట్ జోలికి వెళ్ళొద్దనేది అందుకే.

ఇప్పుడు ఒక ఫైబర్ తెగితే కొన్ని క్షణాల్లో రెండోదాని మీదికి మారిపోతుంది. వీడియో మీటింగ్ మాత్రం ఒకసారి తెగి మళ్ళీ కలుస్తుంది, బయటి ఐపీ అడ్రసు మారుతుంది కాబట్టి దాన్ని ఇలాంటి మామూలు రౌటర్ ఆపలేదు. ఆఫీసు వీపీఎన్ కూడా మళ్ళీ కనెక్ట్ కావాలి. ఆ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచితే "ఇంత ఖర్చు పెట్టి ఏం లాభం" అన్న ప్రశ్న రాదు. మా ఇంట్లో వచ్చింది.

కెమెరాల పోర్టు నుంచి బయటి నెట్‌కి దారి మూసేశాను. మొదటి రోజు లాగ్ తెరిస్తే ఆ చవక కెమెరాలు నిమిషానికోసారి ఎక్కడెక్కడి సర్వర్లకో తలుపు కొడుతున్నాయి, ఫైర్‌వాల్ వరసగా ఎర్రగా చూపిస్తోంది. ఈ ఒక్క దృశ్యం చూశాక మా ఆవిడ కార్డు ధర అడగడం మానేసింది.

కొత్తగా అన్నీ కొనేవాళ్ళయితే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో, నాలుగు ఇంటెల్ ఐ226-వీ పోర్టులతో వచ్చే చిన్న పెట్టెలు కూడా చూడండి. కరెంటు తక్కువ తింటాయి, పోర్టులు 2.5 గిగాబిట్లవి, శబ్దం ఉండదు. ఐ226కి ముందు వచ్చిన ఐ225 తొలి విడతల్లో లోపం ఉండేది, బీ3 అనే విడతలో సరిచేశారు, కాబట్టి ఆ పాతవి అంటగడితే తీసుకోకండి. మీ ఏరియాలో గిగాబిట్ దాటిన ప్లాన్ వచ్చి, అది మీరు నిజంగా వాడతారనుకుంటే ఐ350 మీకు సరిపడదు, అది ఎంత మంచిదైనా పోర్టుకి వెయ్యి దగ్గర ఆగిపోతుంది. మా కాలనీలో ఇంకా మూడు వందలకే లైన్‌మ్యాన్ చుట్టూ తిరుగుతున్నాం కాబట్టి నాకు ఇది చాలు.